సక్కుబాయి ట్రాలీలో పోయిన రెండు వోల్టులు

కిషన్‌బాగ్ మెయిన్ రోడ్డు మీద, టీ కొట్టుకూ పంక్చర్ షాపుకూ నడుమ ఇరుక్కుని ఒక బోర్డు కనిపిస్తుంది. 'బాబురావు ఆటో ఎలక్ట్రికల్స్ - డైనమో, సెల్ఫ్, వైరింగ్' అని పసుపు మీద ఎరుపు అక్షరాలు. దాని కింద చిన్నగా, 'ముందు అడుగుతాము, తర్వాతే విప్పుతాము' అని ఉంటుంది. అది చదివి, ఏమడుగుతారయ్యా అని లోపలికొచ్చి మరీ అడిగిపోయినవాళ్లున్నారు. అడిగేది బండిని. అడిగించేది బాబురావు మెడలో తాయెత్తులా వేలాడే, కరెంటు కొలిచే మీటర్.

యాభై రెండేళ్ల బాబురావు ముప్పై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాడు. కరెంటు ఎక్కడైనా ఆగిపోయిందంటే చాలు, ఆయనకు కూర్చున్నచోట కాలు నిలవదు. మరదలి పెళ్లిలో సీరియల్ బల్బుల దండ ఆరిపోతే కొత్త పంచె ఎగ్గట్టి నిచ్చెనెక్కినవాడు తలంబ్రాల వేళకు కూడా కిందికి దిగలేదు. పెళ్లి ఫొటోల్లో ఆయన ఉన్నది ఒక్కదాంట్లోనే, అందులోనూ కాళ్లే పడ్డాయి. ఇంకోసారి, ఒక కారు హారన్ ఎందుకు మోగదో పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా వెతికి, ఆ కారుకు అసలు హారనే లేదని కనిపెట్టాడు. ఈ రెండోదాన్ని ఆయన చెప్పడు. పక్క దుకాణంలో బ్యాటరీలమ్మే అజ్మత్ అలీ చెబుతాడు, అదీ కొత్త గిరాకీ ముందు.

ఇదంతా ఎందుకంటే, బోనాల ముందటి శుక్రవారం నాడు ఆయన దుకాణం ముందు జరిగిన సంగతి తెలియాలంటే ముందు మనిషి తెలియాలి.

ఆ రోజు పదిన్నరకు సక్కుబాయి ట్రాలీ ఆటో వచ్చింది. వచ్చింది అంటే, నలుగురు తోసుకుంటూ తెచ్చారు. వెనక డెక్కు మీద తడి గోనె కప్పిన బంతిపూల మూటలు. స్టీరింగ్ దగ్గర సక్కుబాయి, చెంగు నడుముకు దోపి, మొహం చింతపండులా పెట్టుకుని. గుడిమల్కాపూర్ మార్కెట్లో పూలు ఎత్తి పాతబస్తీ గల్లీల్లో దండలు గుచ్చేవాళ్లకు వేసే మనిషి ఆమె. భర్త పోయాక ఆ ట్రాలీని తనే తోలడం నేర్చుకుని తొమ్మిదేళ్లయింది.

"అన్నా, గిది ఆఖరు," అంది దిగుతూనే. "ఇంక నా తోని కాదు. ఓదెలుకు మాటిచ్చిన. రెండింటికి వచ్చి బండి తోల్కపోతడు."

బాబురావు చేతిలో పాన కింద పెట్టేశాడు. ఓదెలు అఫ్జల్‌గంజ్‌లో పాత బండ్లు కొనే మనిషి. ఆయన చేతికి పోయిన బండి మళ్లీ బండిలా బయటికి రాదు. తలుపొకచోట, ఇంజనొకచోట కనబడుతుంది.

"బండి అమ్మితే పూలెట్ల ఏస్తవే చెల్లే?"

"ఏం ఏస్త? ఎవరన్న దండలు గుచ్చ పిలిస్తే పోత. ఆదివారం బోనాలు, ఊరంత పూలు అడుగుతున్నరు. ఇది సూస్తే పొద్దుగాల సెల్ఫ్ కొడితే ముసలోని దగ్గు దగ్గుతది. రెండు బ్యాటరీలు మార్చిన. డైనమో నువ్వే చేసినవ్. మల్ల గదే కథ."

అది నిజం. వానలు మొదలైన దగ్గర్నుంచి ఆ ట్రాలీ ఆయన పరువు తీస్తోంది. సాయంత్రానికి బ్యాటరీ చచ్చిపోతుంది. డైనమో బుష్‌లు మార్చాడు, రెగ్యులేటర్ మార్చాడు. రెండు రోజులు బాగుండటం, మూడోనాడు మళ్లీ తోసుడు.

"రెండింటికి గదా," అన్నాడు బాబురావు. గొంతులో అప్పుడే ఒక ఊపు వచ్చేసింది. "ఇప్పుడు పదిన్నర. ఓదెలు వచ్చేసరికి ఫాల్టు పట్టకపోతే నా బోర్డు నేనే దించుత!"

టీ కొట్టు ముందు గ్లాసులన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి.

"విన్నరా?" అన్నాడు అజ్మత్ అలీ తన దుకాణం గడప మీద నుంచి. తెల్ల గడ్డం, జుమా నమాజు కోసం వేసుకున్న ఇస్త్రీ లాల్చీ. "అందరు సాక్ష్యం. అరే బాబురావ్ భాయ్, బోర్డు దించెటప్పుడు నిచ్చెన నేనిస్త. మల్ల పంచె ఎగ్గట్టకు."

"నిచ్చెన తర్వాత. ముందు ఒక నిండు బ్యాటరీ ఇయ్యి."

అజ్మత్ అలీ బ్యాటరీ తెచ్చి తనే పెట్టాడు. సక్కుబాయి సెల్ఫ్ కొట్టింది. ఒకసారి మూలిగి, రెండోసారి మూలిగి, మూడోసారికి ఇంజన్ అందుకుంది. బాబురావు డ్రైవర్ సీటు ఎత్తి, కింద ఊగిపోతున్న ఇంజన్ మీదికి వంగాడు. మీటర్ ఎర్ర తీగ డైనమో వెనక బోల్టు మీద, నల్ల తీగ డైనమో ఒంటి మీద పెట్టాడు.

"పద్నాలుగు పాయింట్ మూడు!" అని అరిచాడు. "డైనమో ఫస్ట్ క్లాస్!"

పరుగున వచ్చి అవే తీగలు బ్యాటరీ రెండు కొనల మీద పెట్టాడు.

"పన్నెండు పాయింట్ మూడు!"

ఇదేదో మంచి వార్త అన్నట్టు ఆయన రెండు చేతులూ పైకెత్తేసరికి సక్కుబాయి తెల్లబోయింది. "గంత సంబురమెందుకే అన్నా?"

"అరె, అర్థం చేస్కో! బుట్టల పద్నాలుగు మూరల దండ పెట్టి పంపిన. దుకాణానికి పన్నెండు మూరలే చేరింది. అంటే దండ గుచ్చినోని తప్పు కాదు. దుకాణపోని తప్పు కాదు. తొవ్వల ఎవడో రెండు మూరలు తెంపుకుంటున్నడు. రెండు వోల్టులు! గింతసేపు బ్యాటరీని తిట్టినం, డైనమోను తిట్టినం. దొంగ తొవ్వల ఉన్నడు!"

ఈ లెక్క సక్కుబాయికి ఠక్కున ఎక్కింది. పూల బుట్టలోంచి మూరలు తెంపే చేతుల గురించి ఆమెకు చెప్పక్కర్లేదు. కళ్లలో మొదటిసారి వెలుగొచ్చింది. "మరి పట్టు అన్నా వాణ్ణి!"

డైనమో నుంచి బ్యాటరీకి కరెంటు వెళ్లే తోవ ఒకటి, తిరిగొచ్చే తోవ ఇంకొకటి. వెళ్లేది తీగ మీద. తిరిగొచ్చేది బండి ఇనుప ఒంటి మీదుగా, అదే ఎర్త్. బాబురావు వెళ్లే తోవ పట్టుకున్నాడు. డైనమో బోల్టుకూ బ్యాటరీ ప్లస్‌కూ మధ్య మీటర్ పెట్టాడు. దొంగ అక్కడుంటే ఆ రెండు వోల్టులు అక్కడే కనబడాలి.

సున్నా పాయింట్ ఒకటి. అంటే అక్కడ దొంగ లేడు.

ఇక్కడే, తెలిసిన మనిషి ఎవరైనా రెండో తోవకు తిరుగుతాడు. బాబురావు తిరగలేదు. మీటర్‌ను చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.

"దీని సెల్ వీక్ అయినట్టుంది," అన్నాడు.

సెల్ మార్చాడు. సున్నా పాయింట్ ఒకటి. అజ్మత్ అలీని అడిగి అతని మీటర్ తెచ్చి పెట్టాడు. అదీ అంతే చెప్పింది. "నీ మీటర్ నా మీటర్ ఒక్క దుకాణంల కొన్నం, ఒక్క తీరుగ అబద్ధం చెప్తున్నయ్," అన్నాడు. ఫ్యూజుల పెట్టె విప్పాడు. తాళం స్విచ్ విప్పాడు. డ్యాష్‌బోర్డు కిందికి తలకిందులుగా దూరి, చెప్పులు బయట రోడ్డు వైపు ఊగుతుండగా, తీగ తీగనూ వేళ్లతో నలిపి చూశాడు. ఒక్క తీగ కూడా తప్పు ఒప్పుకోలేదు.

"ఎర్త్ దేఖో భాయ్," అన్నాడు అజ్మత్ అలీ.

"ఎర్త్ మాట ఎత్తకు," అని డ్యాష్‌బోర్డు కింద నుంచి గొంతు వచ్చింది. "ఇంజన్‌ను బండి ఒంటికి కలిపే ఎర్త్ పట్టీ నేను ఏసిన. దసరాకు. కొత్తది. సాన్‌పేపర్ కొట్టి, ఇనుము అద్దం లెక్క మెరిసినంక ఏసిన. హైదరాబాద్ మొత్తంల గంత మంచి ఎర్త్ ఎవ్వని బండికి లేదు."

"నువ్వు ఏసినవని మీటర్‌కు తెల్వదు గదా."

"నాకు తెల్సు గదా!"

సక్కుబాయి నెమ్మదిగా కలగజేసుకుంది. "అన్నా, ఇంకోటి. పొద్దుగాల సెల్ఫ్ కొట్టంగనే ఎక్సలేటర్ కేబుల్ కాలుతది. కాలికి సుర్రుమంటది. నెల కింద గూడ చెప్పిన."

బాబురావు బయటికొచ్చి నవ్వాడు. నుదుటి నిండా గ్రీజు, పళ్లు మాత్రం తెల్లగా. "ఇంజన్ పక్కపొంటి పోయే కేబుల్ కాలక సల్లగుంటదా చెల్లే? ఎక్సలేటర్ కేబుల్‌కు ఛార్జింగ్‌కు ఏం సుట్టరికం? నీ దండల దారానికి గీ రోడ్డు లైటుకు ఎంతనో, గంత."

టీ కొట్టు దగ్గర ఇద్దరు ముగ్గురు నవ్వారు. సక్కుబాయి నోరు మూసుకుని పోయి గోనెల మీద నీళ్లు చల్లింది. ఆ నవ్వును గుర్తుపెట్టుకోవాలి. కాసేపట్లో అది తిరిగొస్తుంది.

ఒంటిగంట కావొచ్చింది. ఇంజన్ ఆపి గంటకు పైనే అయింది. మసీదు నుంచి జుమా పిలుపు వినబడగానే అజ్మత్ అలీ టోపీ సర్దుకుని లేచాడు. "నీ బోర్డు కోసం గూడ దువా చేస్త," అని నడిచాడు. అతను ఆ మలుపు తిరిగాడో లేదో ఈ మలుపులోంచి ఓదెలు రానే వచ్చాడు, చెప్పిన వేళకు గంట ముందు. చంకలో తోలు సంచీ, నోట్లో వక్కపొడి. వస్తూనే టైరును బూటుతో తన్ని, తలుపు తీసి మూసి, డెక్కు మీద వేళ్లతో కొట్టి చూశాడు. పెళ్లిచూపుల్లో అమ్మాయి ముందే అప్పగింతలు మాట్లాడుకునే పెద్దమనిషి తీరు.

"ఏమాయె బాబురావన్నా? ఇంక విప్పెటియి ఏమన్న ఉన్నయా? విప్పినయి అట్లనే సంచిల ఏస్కపోత."

బాబురావుకు చెవులు ఎర్రబడ్డాయి. "రెండింటికన్నవ్ గదా!"

"రెండింటికే తోల్కపోత. అందాక చెట్టు కింద కూసుంట. జెర బండి పక్కకు పెట్టున్రి, మీదికి ఎండొస్తుంది, పూలు వాడుతయ్."

పూల మాట వినేసరికి సక్కుబాయి ఎక్కి కూర్చుని సెల్ఫ్ కొట్టింది. బండి దగ్గింది. మళ్లీ కొట్టింది. మళ్లీ దగ్గింది. మూడోసారి పట్టి కొట్టి, "అబ్బో!" అని కాలు లాక్కుంది.

"సూడు అన్నా! కాలబెట్టింది! ఇంజన్ లేవనే లేదు, అయినా ఎట్ల కాలింది మల్ల?"

బాబురావు ఇంజన్ మీద అరచెయ్యి పెట్టాడు. గోరువెచ్చగా ఉంది, పాలు తోడు పెట్టేంత. ఎక్సలేటర్ కేబుల్‌ను రెండు వేళ్లతో పట్టుకున్నాడు. వెంటనే వదిలేసి వేళ్లు నోట్లో పెట్టుకున్నాడు.

గోరువెచ్చటి ఇంజన్ పక్కన కాలుతున్న కేబుల్! అంటే దాన్ని కాల్చింది ఇంజన్ కాదు. సెల్ఫ్ తాగే కరెంటంతా తిరిగి బ్యాటరీకి చేరాలంటే ఎర్త్ పట్టీ మీదుగా పోవాలి. ఆ తోవ మూసుకుపోతే ఏం చేస్తుంది? రోడ్డు తవ్వినప్పుడు లారీలు గల్లీలో దూరినట్టు, ఇంజన్‌కూ బండి ఒంటికీ తగులుతూ ఉన్న ఈ సన్నటి ఎక్సలేటర్ కేబుల్‌లో దూరుతుంది. కాలదా మరి!

"చెల్లే!" అని అరిచాడు. "సెల్ఫ్ కొట్టు! నేను ఆపు అన్నదాక కొట్టు!"

ఒక తీగ ఇంజన్ మీద, ఒక తీగ బండి ఒంటి మీద. సక్కుబాయి తాళం తిప్పింది. మీటర్ అంకెలు ఎగిరాయి. సున్నా ఉండాల్సిన చోట నాలుగు! సెల్ఫ్ తాగే కరెంటు ఎక్కువ, అందుకే దొంగ తెంపేదీ ఎక్కువే.

"నాలుగు వోల్టులు! దొరికిండు! దొరికిండు దొంగ!"

చెట్టు కింది ఓదెలు కూడా లేచి వచ్చాడు. టీ కొట్టతను స్టవ్ తగ్గించి వచ్చాడు. బాబురావు మీటర్ తీగలు పట్టీ ఇంజన్ కొన దగ్గర పెట్టి చూశాడు, ఏం లేదు. పట్టీ నడుమ చూశాడు, ఏం లేదు. పట్టీ రెండో కొన బండి ఒంటికి బిగించిన చోట, ఒకే ఒక్క బోల్టు దగ్గర, నాలుగూ అక్కడే కూర్చుని ఉన్నాయి. పాన పెట్టి బోల్టు విప్పాడు. పట్టీ ఎత్తాడు.

కింద మెరిసే ఇనుము లేదు. తడి పీల్చి ఉబ్బి, తుప్పుతో కలిసి గట్టిపడిన ఒక ముద్ద ఉంది. పైన గోధుమరంగు. గోటితో గీకితే లోపల పసుపు. నడిమధ్యలో ఇంకా చెరగని ఎర్రటి చుక్క.

బొట్టు.

బాబురావు పట్టీని వదిలేశాడు. ఎందుకంటే ఆ బొట్టు ఆయనకు తెలుసు.

దసరా పొద్దున. దుకాణం ముందు పదహారు బండ్లు, అన్నింటికీ పూజ. ఈ ట్రాలీకి పాత పట్టీ తెగితే కొత్తది వేస్తూ, ఒంటిని సాన్‌పేపర్‌తో అద్దంలా రుద్దాడు. అప్పుడే సక్కుబాయి పళ్లెంతో వచ్చి, "అన్నా, ఇంజన్ కాడ గూడ ఒక బొట్టు పెట్టు, నీ చేత్తోనే," అంది. ఎక్కడ పెడతాడు? చూసినచోటల్లా ఆయిలు, గ్రీజు, మడ్డి. శుభ్రంగా కళకళలాడుతున్న చోటు ఒక్కటే, తను ఇప్పుడే రుద్దింది. అక్కడ బొటనవేలితో దిట్టంగా పసుపు మెత్తి, కుంకుమ అద్ది, దండం పెట్టాడు. ఈలోగా అవతల ఎవరో కొబ్బరికాయకు పిలిచారు. ఆ తొందరలో దాని మీదే పట్టీ పెట్టి బిగించేశాడు. ఎండాకాలమంతా బోల్టు పళ్లు కరెంటును ఎలాగో నెట్టుకొచ్చాయి. వానలు పడ్డాయి. పసుపు నానింది. ఇనుము తుప్పు పట్టింది.

"ఎవడే వాడు?" అన్నాడు టీ కొట్టతను వంగి చూస్తూ. "ఎర్త్ కింద బొట్టు పెట్టిండు!"

"ఎవడో తలకు మాసినోడు," అన్నాడు ఓదెలు.

"అవునవును," అంది బాబురావు నోరు, ఆయన్ని అడక్కుండానే.

"గసొంటోనికి పాన ఇచ్చినోనికి ముందు దెబ్బలు పడాలె," అన్నారెవరో. బాబురావు దానికీ తల ఊపాడు. అంత గ్రీజులోనూ ఆయన మొహం ఎర్రబడింది. ఏమో, మధ్యాహ్నపు ఎండ కావచ్చునని ఎవరూ పట్టించుకోలేదు. గబగబా తుప్పంతా గీకాడు, సాన్‌పేపర్ కొట్టాడు, తీగల బ్రష్‌తో తోమాడు. ఇనుము మళ్లీ మెరిసింది. పట్టీ పెట్టి బిగించి, పైన గ్రీజు పూశాడు. ఎవరూ ఏమీ అడగకుండా బండి స్టార్టయిపోతే చాలు, ఈ సంగతి ఇక్కడే గ్రీజు కింద ఉండిపోతుంది.

కాని ఓదెలు ఊరుకునే మనిషి కాడు.

"గిది సరే సక్కుబాయీ. ఇయ్యాల గీ బోల్టు కాడ దొరికింది. గా మహానుభావుడు ఇంకెన్ని కాడ బొట్లు పెట్టిండో ఎవరికెర్క? ఆదివారం బోనాల పొద్దు, మూటలు నిండుగ ఏస్కొని పోతుంటే నడిరోడ్డు మీద ఆగితే? ఎవర్ని తోయమంటవ్? నా మాటిను. తాళం ఇయ్యి."

సక్కుబాయి పూల మూటల వైపు చూసింది. తాళం తీసింది. అరచేతిలో పెట్టుకుని, ఒకసారి బాబురావు మొహంలోకి చూసింది. చెయ్యి మెల్లగా ఓదెలు వైపు కదిలింది.

"ఆగు!" అన్నాడు బాబురావు. "ఇంకో కాడ లేదు. ఇంజన్ కాడ గీ ఒక్క బొట్టే."

"నీకెట్ల ఎర్క?" అన్నాడు ఓదెలు.

బాబురావు బోర్డు వైపు చూశాడు. మీటర్ వైపు చూశాడు. ఎవరూ ఏ సాయమూ చెయ్యలేదు.

"పెట్టింది నేనే గాబట్టి," అన్నాడు. "దసరా నాడు. గీ బొటనవేలుతోని. మిగిలినయన్ని అద్దం మీద, బంపర్ మీద పెట్టిన, అందరికి కనపడుతయ్. లోపల గిదొక్కటే. తలకు మాసినోన్ని నేనే."

ముందు టీ కొట్టతను మొదలెట్టాడు, పంక్చర్ షాపతను అందుకున్నాడు, నవ్వు ఆ చివరి దాకా పాకింది. సక్కుబాయి మాత్రం నవ్వలేదు. తాళం ఉన్న చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నాకెర్కనే అన్నా. ఆనాడు పళ్లెం పట్టుకున్నది నేను గాదా? పసుపు కనపడంగనే తెలిసింది."

"మరి చెప్పకపోతివి?"

"నువ్వు చెప్తవా లేదా అని చూసిన. చెప్పకుంటే తాళం ఇచ్చేదాన్నే. బండిల ఫాల్టుతోని ఎట్లనో నెట్టుకొస్త. ఫాల్టు దాచెటోని చేతిల బండి పెట్టి ఎన్నేండ్లు తోలాలె?" అప్పుడు నవ్వింది. "ఓదెలన్నా, నువ్వు పో. చాయ్ తాగి పో."

ఎక్కి సెల్ఫ్ కొట్టింది. దగ్గు లేదు, మూలుగు లేదు. ఒక్క తిప్పుకే ఇంజన్ గర్జించేసరికి ఓదెలు చేతిలో వక్కపొడి చెదిరింది. హెడ్‌లైట్లు వేయించి, బ్యాటరీ మీద తీగలు పెట్టి బాబురావు కేక వేశాడు. "పద్నాలుగు పాయింట్ ఒకటి! లైట్లతోని! పద్నాలుగు పాయింట్ ఒకటి!" ఆ అంకెను టీ కొట్టు దగ్గరా చెప్పాడు, పంక్చర్ షాపులోనూ చెప్పాడు, నమాజు నుంచి వస్తున్న అజ్మత్ అలీకి ఎదురు పరుగెత్తి రోడ్డు మధ్యలో చెప్పాడు. అజ్మత్ అలీకి మిగతా కథ చెప్పేవాళ్లు మరో పదిమంది తయారుగా ఉన్నారు. అంతా విని అతను నిచ్చెన తెచ్చాడు. బోర్డు దించడానికి కాదు. ఎక్కి, 'ముందు అడుగుతాము, తర్వాతే విప్పుతాము' కింద చాక్‌పీసుతో, 'మా బోల్టును గూడ' అని రాసి దిగాడు.

ఆ రాత వానకు రెండుసార్లు కొట్టుకుపోయింది. రెండుసార్లూ మళ్లీ రాసింది బాబురావే.

ఆదివారం తెల్లవారుతూనే ఆయన ఫోన్ మోగింది. వెనక నుంచి గుడిమల్కాపూర్ మార్కెట్ లొల్లి వినబడుతోంది.

"అన్నా, మూటలు ఏసిన. ఒక్క సెల్ఫ్‌కే లేసింది."

"అది తర్వాత చెప్పు," అన్నాడు బాబురావు మంచం మీద లేచి కూర్చుంటూ. "చెప్పు ఇడిచి కేబుల్ మీద కాలు పెట్టు. పెట్టినవా? ఎట్లుంది?"

సక్కుబాయి గొంతు, ఆ లొల్లిని మించి.

"సల్లగుందే అన్నా!"